అరికాళ్ళతో ఎంచిన వాకిలి

నా చిన్నప్పుడు ఇంటి ముందు పరిచే బండలను మా నాయనమ్మ కళ్ళతో ఎంచలేదు, అరికాళ్ళతో ఎంచింది. ఈ మాట చెబితే ఇప్పటివాళ్ళు నవ్వుతారు. అప్పటివాళ్ళూ నవ్వారు. బండలమ్మే సేటు నవ్వాడు, పక్కింటి అత్తయ్యగారు నవ్వారు, మా నాన్నయితే తల పట్టుకున్నాడు. నవ్వనిదాన్ని నేనొక్కదాన్నే. నాకంత తీరిక ఎక్కడిది? ‘ఎందుకు’ అని అడగడంతోనే నాకు పొద్దు చాలేది కాదు. స్నానానికి పిలిస్తే ఎందుకు, అన్నానికి పిలిస్తే ఎందుకు. అమ్మ విసిగిపోయి, నీ నోట్లో మన్నుపడ, జెర ఊపిరి తీసుకోవే అనేది.

మా తాతయ్య లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. నాన్నకూ అక్కడే ఉద్యోగం కాబట్టి నేను పుట్టినప్పటి నుంచీ మాది రైల్వే క్వార్టరే. తాతయ్యకు కళ్ళలో నీటికాసులు వచ్చాయి. పోయిన చూపు మళ్ళీ రాదని డాక్టరు తేల్చేశాడు. తిరుమలగిరి అవతల నాన్న కట్టించిన ఇంటికి మేం మారేనాటికి ఆయనకు ఎండ ఎటుందో, నీడ ఎటుందో తప్ప ఏమీ తెలిసేది కాదు. అయినా క్వార్టర్లో ఉన్నన్నాళ్ళూ ఆ సంగతి బయటివాళ్ళెవరూ పసిగట్టలేదు. సాయంత్రం వర్క్‌షాపు కూత వినబడగానే తనంతట తాను గేటు దాకా వెళ్ళి, గొళ్ళెం తీసి, డ్యూటీ దిగి వచ్చేవాళ్ళతో నిలబడి కబుర్లాడేవాడు. గొంతును బట్టి మనిషిని పోల్చుకుని పేరు పెట్టి పలకరించేవాడు.

కొత్త ఇంట్లో ఆ మనిషి ముందుగదిలో కుర్చీకి అతుక్కుపోయాడు. ఇంటి ముందు జాగా చాలానే ఉండేది గానీ, అందులో ఇల్లు కట్టగా మిగిలిన ఇసుక కుప్ప, ఇటుక ముక్కలు, సున్నం కలిపిన గుంట. చూపున్నవాళ్ళమే తట్టుకుని పడేవాళ్ళం. చెయ్యి పట్టుకుని నడిపిస్తాను రమ్మని నాన్న బతిమాలితే ఆయనకు రోషం ముంచుకొచ్చింది.

“నన్ను పిలగాన్ని చేస్తున్నవా? నేను ఈడనే మంచిగున్న. నీ పని నువ్వు చూస్కో.”

అసలు బాధ ఆదివారాల్లో బయటపడింది. తాతయ్యతో పాటు ఒకే బెంచీ మీద పనిచేసిన స్నేహితుడొకాయన లాలాగూడ నుంచి అంత దూరం సైకిలు తొక్కుకుంటూ వచ్చి, గేటు దగ్గర గంట మోగించేవాడు. ఇంకొకరి చెయ్యి పట్టుకుని ఆయన ఎదుటికి వెళ్ళడం తాతయ్యకు ప్రాణం పోయినంత పని. పడుకున్నాడని చెప్పు అనేవాడు నాతో. నేను వెళ్ళి చెప్పేదాన్ని. ఆయన ఇంట్లోకి వచ్చి కూర్చోమన్నా వినకుండా, పడుకోనీ బిడ్డా అని సైకిలు తిప్పుకుని వెళ్ళిపోయేవాడు. గంట చప్పుడు దూరమయ్యే దాకా తాతయ్య చెవి అటే ఉండేది. ఇట్లా ఇంకొన్ని ఆదివారాలు గడిస్తే ఆయన రావడం మానేస్తాడు, ఆ తర్వాత ఈయన ఈ కుర్చీలోంచి లేవడు అని నాయనమ్మ భయం. ఆ భయాన్ని అమ్మతో చెబుతుంటే విన్నాను.

సరిగ్గా అప్పుడే వాకిలి బాగుచేయించే మాట వచ్చింది. నాన్నకు ఎర్ర గచ్చు మోజు. ఇంటి ముందంతా ఎర్రటి సిమెంటు పరిపించి అద్దంలా పాలిష్ పట్టిస్తానన్నాడు. అమ్మకు ప్లాస్టిక్ తీగలల్లిన ఇనప కుర్చీలు కావాలి. పక్కింటి అత్తయ్యగారిది గోదావరి జిల్లా, వాళ్ళాయన మిలిటరీలో చేసి ఇక్కడే స్థిరపడ్డారు. ఇల్లు సర్దడంలో ఆవిడ మాటకు మా వీధిలో తిరుగులేదు. గోడ మీద నుంచి తొంగిచూసి, “ఎర్ర గచ్చు చేయించండి, మధ్యలో తెల్ల ముగ్గు గీతలు దింపించండి. రెండు వైపులా క్రోటన్ కుండీలు పెట్టారనుకోండి, ఇంక చూడక్కర్లేదు” అన్నారు. అందరూ సరేనన్నారు, నాయనమ్మ తప్ప.

“బండలేయాలె,” అంది నాయనమ్మ. “అన్నీ ఒక్కతీరువి వద్దు.”

ఎందుకని నాన్న అడిగితే, నాకు అట్లనే ఇష్టం అంది. ఆమె అంత మొండిగా మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. అత్త మాటకు ఎదురు చెప్పే అలవాటు అమ్మకు లేదు, తల్లి మాట తీసేసే ధైర్యం నాన్నకు లేదు. నాకు మాత్రం లోపల పురుగు తొలవడం మొదలైంది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం నన్ను వెంటబెట్టుకుని బండల దుకాణానికి బయలుదేరింది. చల్లబడ్డాక పోదాం నాయనమ్మా అంటే, పొద్దుగూకినంక ఏ బండైనా మంచిగనే ఉంటది అంది. చంకలో నీళ్ళ చెంబు. దుకాణమంటే కప్పూ గోడా లేని బయలు. షాబాదు బండలు, తాండూరు బండలు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టినవి కొన్ని, నేల మీద పరచినవి కొన్ని. నాయనమ్మ చెప్పులు విప్పి పక్కన పెట్టింది. నన్నూ విప్పమంది. ఆ తర్వాత పైట కొంగుతో నా కళ్ళు కట్టేసింది. ఇక చూడండి నా సంబరం.

ఒక్కొక్క బండ మీదికీ నా భుజాలు పట్టుకుని నడిపించింది. ఏమనిపిస్తుందో చెప్పమంది. నల్లటిది కాలితే గంతులేశాను. పసుపురంగుది వేడిగానే ఉంది గానీ నిలబడగలిగాను. నున్నటి దాని మీద చెంబులో నీళ్ళు ఒలికించి మళ్ళీ నడవమంది. సర్రున జారితే నవ్వుతూ పట్టుకుంది. రోజూ పొద్దున వాకిలి కడిగే ఇల్లు మాది, అక్కడ తడిబండ జారితే ఏమవుతుందో ఆమె నోటితో చెప్పలేదు. ఉలితో గంట్లు కొట్టిన గరుకు బండ మీదికి వచ్చేసరికి నా అరికాలు తనంతట తానే ఆగిపోయింది. గంట్లు ఎటు పోతున్నాయో చెప్పమంది నాయనమ్మ. వేళ్ళు ఆడించి చూసి, ముందుకు పోతున్నాయి అన్నాను. నన్ను పక్కకు తిప్పి నిలబెట్టి మళ్ళీ అడిగింది. అడ్డంగా ఉన్నాయి అన్నాను. కళ్ళు మూసుకుని కాలితో చదవొచ్చన్న సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. ఇంకోసారి, ఇంకోసారి అని వెంటపడ్డాను.

సేటు గల్లాపెట్టె వదిలి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

“ఏందమ్మా ఇది? అందరు బండలు చూసి కొంటరు. నువ్వేంది, దొక్కి కొంటున్నవు?”

“రేపు చూసేది గాదు కదా నాయినా, దొక్కేదే కదా,” అంది నాయనమ్మ.

తిరిగి వచ్చేటప్పుడు ఎందుకు అని నేను అడగనే లేదు, ఆమే చెప్పింది. క్వార్టర్లో మెట్టు దిగాక ఒక బండ పగిలి ఉండేది. తాతయ్య ఆ పగులు కాలికి తగలగానే కుడికి మళ్ళేవాడట. దానిమ్మ చెట్టు కింద మెత్తటి మట్టి తగిలితే గేటు వచ్చిందని ఆగేవాడట. ఆ పగిలిన బండ మార్పించమని నేను ఎన్నేళ్ళు పోరిన్నో, మార్పించకపోవుడే మంచిగైంది అంది. ఆ బండ మీద నేను ఎన్నిసార్లు తొక్కుడు బిళ్ళ ఆడానో. నాకు అది ఆటకు అడ్డం వచ్చే పగులే, అంతకు మించి ఏమీ కాదు. మీ తాతకు మాత్రం చెప్పకు అని నా నోటికి తాళం వేసింది. నీ కోసం చేసినమంటే ఆయన దిగడు, నాకు ఇష్టమై చేసిన్నంటే దిగుతడు అని కూడా అంది.

బండలు వచ్చాయి. మెట్టు దగ్గర నుంచి గేటు దాకా సన్నటి బాట, గంట్లు పొడవునా పోయేటట్టు. బాట మలుపు తిరిగే చోటా, గేటు ముందరా మాత్రం గంట్లు అడ్డంగా. బాటకు అటూ ఇటూ నున్నటి తాండూరు బండలు, మొక్కల అంచున గులకరాళ్ళు. పరుస్తున్న మేస్త్రీకి నాయనమ్మ దగ్గరుండి చెబుతుంటే, నేను కళ్ళు మూసుకుని నడిచి సరిచూసేదాన్ని. ఆ పని నాకు తప్ప ఇంకెవరికీ ఇవ్వనని నాయనమ్మ అనడంతో నా పాదాలు నేల మీద ఆగలేదు. ఇదంతా గోడ మీద నుంచి చూసిన అత్తయ్యగారు ఉండబట్టలేక, “ఇదేంటండీ పిన్నిగారూ, అతుకుల బొంతలా తయారైంది వాకిలి! ఎవరైనా వస్తే ఏమనుకుంటారు?” అన్నారు. నాయనమ్మ నొచ్చుకోలేదు. బొంత సుత వెచ్చగనే ఉంటదమ్మా అని ఊరుకుంది.

కుర్చీలు వద్దు, రాతి తిన్నె కట్టిద్దామని నాయనమ్మ అన్నప్పుడు మాత్రం అమ్మకు మనసు చివుక్కుమంది. ఆ కుర్చీలు ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నవి. నాయనమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, “కుర్చీలకు కాళ్ళుంటయి బిడ్డా. పొద్దున ఈడుంటే మాపటికి ఆడుంటయి. గా రాతి తిన్నెకు కాళ్ళుండయి, పెట్టిన కాడ ఉంటది,” అంది. అమ్మ లోపలి గది వైపు చూసింది. అక్కడ తాతయ్య కుర్చీలో ఉన్నాడు. ఇక ఆమె కుర్చీల ఊసెత్తలేదు. బాట మలుపులో, వేపచెట్టు నీడ సాయంత్రం పడే చోట, మిగిలిన మందపాటి బండతో తిన్నె కట్టించారు. నీడ ఎక్కడ పడుతుందో బొగ్గుతో గుర్తు పెట్టింది నేనే. తిన్నె పక్కన నాయనమ్మ మరువం నాటింది. చెయ్యి తగిలితే చాలు వాసన వేస్తుందని.

అంతా అయ్యాక తాతయ్యను ఎవరూ రమ్మనలేదు. ఆయన వినేటట్టు మాత్రం నాయనమ్మ అమ్మతో, “వాకిట్ల బండలు పడ్డయి. నీళ్ళు జల్లిన, సల్లగున్నయి,” అంది. ఆయన ఆ రోజు రాలేదు, మర్నాడూ రాలేదు. నాకు ఆపుకోవడం ఎంత కష్టమైందో. ఆ తర్వాత ఒక పొద్దున నేను మెట్టు చివర కూర్చుని పళ్ళు తోముకుంటుంటే, వెనక నుంచి చేతికర్ర చప్పుడు వినబడింది. నోట్లో నురగతోనే బిగుసుకుపోయాను.

తాతయ్య మెట్టు దిగాడు. కుడికాలు నేల మీద ఆన్చి, వెంటనే బరువు వేయకుండా ఆగాడు. వేళ్ళు మెల్లగా కదిలాయి. నేను దుకాణంలో ఆడించినట్టే ఆడించాడు. ఒక అడుగు వేశాడు, ఇంకొకటి వేశాడు. మధ్యలో ఒకసారి పక్కకు జరిగి నున్నటి బండ తగలగానే మళ్ళీ బాట మీదికి వచ్చాడు. మలుపు దగ్గర అడ్డగంట్లు తగిలి నిలబడ్డాడు. గాలికి మరువం వాసన వచ్చిందో ఏమో, చెయ్యి చాపితే తిన్నె దొరికింది. కూర్చున్నాడు. కాసేపు అరికాలితో బండను రాస్తూ ఉండిపోయాడు.

“గంట్లు ఎవడు కొట్టిండే? చెయ్యి మంచిగున్నది,” అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

“ఎవడో కొట్టిండు తియ్యి,” అంది నాయనమ్మ గుమ్మంలో నుంచి. అంతే. ఇద్దరూ ఆ తర్వాత ఎన్నడూ ఆ ఊసెత్తలేదు. ఆయనకు తెలుసని ఆమెకు తెలుసు, ఆమెకు తెలుసని ఆయనకు తెలుసు. మధ్యలో నేను కడుపు ఉబ్బి చస్తున్నాను.

ఆదివారం సైకిలు గంట మోగింది. తాతయ్య లేచి, చొక్కా సర్దుకుని, బాట వెంట పోయి, అడ్డగంట్ల దగ్గర ఆగి, గొళ్ళెం తీశాడు. స్నేహితుడు సైకిలు స్టాండు వేయడం కూడా మరిచిపోయి, అది పడిపోతుంటే పట్టుకున్నాడు. ఇన్నిదినాలు పండుకొనే ఉన్నవా అని ఆయన, నువ్వొచ్చేటప్పుడే నిద్రొస్తుండెరా అని ఈయన. ఆ నవ్వులు వీధి చివరిదాకా వినబడ్డాయి. నాయనమ్మ వంటింట్లో పొయ్యి ఊదుతూ కళ్ళు తుడుచుకుంది. పొగ అంది. పొయ్యి మాత్రం అప్పటికే భగభగ మండుతోంది.

కథ ఇక్కడితో అయిపోతే ఎంత బాగుండేది. కొత్త ఇంట్లో మొదటి ఉగాది వచ్చింది. పండుగ పూట వాకిలి అలకకపోతే అమ్మకు మనసొప్పదు. మట్టి వాకిళ్ళ ఊళ్ళో పెరిగిన మనిషి. తెల్లవారకముందే లేచి, ఎక్కడి నుంచో పేడ తెప్పించి, మెట్టు నుంచి గేటు దాకా ఉన్న బాటనంతా చక్కగా అలికింది. లక్ష్మి నడిచొచ్చే బాట కదా అని రెండు చేతులా మెత్తి, నున్నగా తీర్చింది. మీద ముగ్గు పెట్టింది. పొద్దెక్కేసరికి ఆరి, చూడముచ్చటగా ఉంది. అత్తయ్యగారు కూడా గోడ మీద నుంచి మెచ్చుకున్నారు. గంట్లలో పేడ నిండిపోయిందన్న సంగతి కళ్ళున్న మాకెవరికీ తట్టలేదు.

తాతయ్య కొత్త బట్టలు కట్టుకుని బయటికి వచ్చాడు. స్నేహితుడు పచ్చడి తాగడానికి వస్తానన్నాడు కాబట్టి గేటు దగ్గర ఉండాలని ఆయన ఆరాటం. మెట్టు దిగి మామూలుగా నడిచాడు. నాలుగడుగులు వేశాక ఆగాడు. కాలు అటు పెట్టి చూశాడు, ఇటు పెట్టి చూశాడు. అంతా ఒకేలా తగులుతోంది. తిరిగి వెనక్కి రాబోయి దిక్కు తప్పాడు. వాకిలి నడుమ, కొత్త పంచెలో, కర్ర గాలిలో పట్టుకుని నిలబడిపోయాడు. ఎవరినీ పిలవలేదు. వీధిలో పండుగ మనుషులు తిరుగుతున్నారు. నాన్న పరుగెత్తబోతే నాయనమ్మ ఆయన మణికట్టు పట్టుకుని ఆపింది.

లోపలికి పోయి చాయ్ కప్పూ సాసరూ తీసుకుంది. అందులో చాయ్ కూడా లేదు, నేను చూశాను. గబగబా పక్క నుంచి నడిచి తిన్నె దగ్గరికి చేరి, రాతి మీద సాసరు టక్కున పెట్టింది. కప్పును సాసరుకు తగిలించింది. మళ్ళీ తగిలించింది.

“చాయ్ ఈడ పెడుతున్న. సల్లారితే నన్ననొద్దు,” అంది, ఎప్పుడూ విసుక్కునే గొంతుతోనే.

తాతయ్య తల అటు తిరిగింది. కర్ర నేలకు ఆనింది. ఆ గలగల వెంట అడుగులో అడుగు వేసుకుంటూ వచ్చి తిన్నెను పట్టుకున్నాడు. కూర్చుని, ఖాళీ కప్పును చేతిలోకి తీసుకున్నాడు. అది ఖాళీదని చేతికి తెలియకుండా ఉంటుందా?

“ఇయ్యాల చాయ్ జల్దీ అయినట్టుందే,” అన్నాడు.

“పండుగ కదా,” అంది ఆమె.

అప్పటికి అమ్మకు అర్థమైంది. పట్టుచీరెతోనే కొబ్బరి పీచు, నీళ్ళ బకెట్టు తెచ్చి బాట మీద కూలబడింది. ఏడుస్తూ ఒక్కొక్క గంటూ తోమింది. నాకు తెల్వలేదు అత్తమ్మా, నాకు తోచలేదు అని వెక్కుతుంటే నాయనమ్మ వంగి ఆమె వీపు నిమిరింది. “నీ తప్పేంది బిడ్డా, కండ్లున్నోళ్ళకు నేల యాదికుండది,” అంది. నేనూ పక్కన చేరి ఒక పుల్లతో గంట్లు గీకాను. స్నేహితుడి సైకిలు గంట మోగేసరికి బాట తడితడిగా మెరుస్తోంది. తాతయ్య లేచి వెళ్ళి గేటు తీశాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో ముగ్గులన్నీ బాటకు అటూ ఇటూనే.

ఇప్పుడు నేను ఉండేది సైనిక్‌పురిలో, కొడుకూ కోడలి దగ్గర. ఈ ఎండాకాలం ఇంటి ముందు జాగా బాగుచేయిద్దామన్నారు. మా కోడలు ఫోనులో బొమ్మలు చూపించింది. ప్లాస్టిక్ గడ్డి, మెరిసే టైల్సు, గొలుసుల ఉయ్యాల, రంగు మారే లైట్లు. అన్నీ బాగానే ఉన్నాయి, పెళ్ళి మండపంలా. దుకాణానికి నన్నూ తీసుకెళ్ళమన్నాను, మధ్యాహ్నం పూట. అక్కడ చెప్పులు విప్పి, సీసాలో నీళ్ళు టైలు మీద పోసి తొక్కి చూస్తుంటే సేల్స్‌మన్ కంగారుపడ్డాడు. మేడం, ఇది గుడి కాదండీ, చెప్పులతో రావచ్చు అన్నాడు. కోడలు పక్కనే నిలబడి నా పాదాల వంక చూస్తూ ఉంది.

ఒక సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు నేను. తాతయ్య కళ్ళ జబ్బు నాకూ వచ్చిందని డాక్టరు అన్నారు. ఇంకా బాగానే కనబడుతోంది, అంచులు మాత్రం మసకబారాయి. పక్క నుంచి వచ్చే మనిషి చటుక్కున ఊడిపడినట్టు ఉంటాడు. గుమ్మాలకు భుజం తగిలితే గుమ్మాన్నే తిడుతున్నాను. రోషం వంశంలోదే మరి.

పోయిన వారం పని మొదలైంది. మెరిసే టైల్సు రాలేదు, ప్లాస్టిక్ గడ్డి రాలేదు. లారీలోంచి గరుకు బండలు దిగాయి, గంట్లు కొట్టినవి. ఉయ్యాల బదులు తిన్నె అట. ఇదేంటమ్మా, నీకు ఉయ్యాల ఇష్టం కదా అని కోడలిని అడిగాను. ఆ పిల్ల నా వంక చూడకుండా మేస్త్రీకి ఏదో చెబుతున్నట్టు నటిస్తూ, “ఏమో అత్తయ్యా, ఈ మధ్య నాకు ఇవే నచ్చుతున్నాయి” అంది.

డాక్టరు చీటీ చూసిందో, గుమ్మాల మీద నా తిట్లు విందో నాకు తెలియదు. చిన్నప్పుడయితే ఎందుకు, ఎందుకు అని ప్రాణం తీసేదాన్ని. ఈసారి నోరు నొక్కుకున్నాను. ఒకరు ప్రేమను దాచి ఇస్తున్నప్పుడు దాన్ని దాచినట్టే పుచ్చుకోవాలని నాకు నేర్పింది తాతయ్య, ఖాళీ కప్పు చేతిలో పట్టుకుని. ఇంతకాలం నేను నాయనమ్మ పాఠాన్నే మోస్తున్నాననుకున్నాను. ఆయనదీ ఒకటుందని ఇప్పుడు తెలిసింది.

చెప్పులు విప్పి బండ మీద కాలు పెట్టాను. గంట్లు గేటు వైపే పోతున్నాయి.

“ఎవరమ్మా ఇవి కొట్టింది? చెయ్యి బాగుంది,” అన్నాను.